మూడు, మంచు, చాయ్: స్టెప్పీల మీద ఒక మాట ప్రయాణం

ఇంటర్నెట్‌లో చాలా ఏళ్ళుగా తిరుగుతున్న ప్రపంచ పటం ఒకటుంది. మీరూ చూసే ఉంటారు. టీని ఏ దేశంలో ఏమంటారో రెండు రంగుల్లో చూపిస్తుంది. ఒక రంగు ‘తే’ కుటుంబానిది. చైనా ఆగ్నేయ తీరంలో మిన్ భాష మాట్లాడే వర్తకులు టీని ‘తే’ అంటారు. డచ్చివాళ్ళు వాళ్ళ దగ్గర సరుకుతో పాటు మాటనూ కొనుక్కుని యూరప్‌కి మోసుకెళ్ళారు. ఇంగ్లీషు ‘టీ’ ఆ సంతానమే. రెండో రంగు ‘చా’ కుటుంబానిది. పెకింగ్ నుంచి పర్షియా దాకా, రష్యా దాకా, మన హైదరాబాద్ దాకా వచ్చింది అదే. పటం చెప్పే నీతి ఒక్క ముక్కలో: ఓడెక్కిన మాట తే, ఒంటెక్కిన మాట చా.

స్థూలంగా ఇది నిజమే. మకావ్‌లో దిగిన పోర్చుగీసువాళ్ళు ఓడ మీదే ‘చా’ అని తీసుకెళ్ళారు లాంటి మినహాయింపులు ఉన్నా, పటం తప్పని అనలేం. నా ఇబ్బంది వేరే. ఇస్తాంబుల్ నుంచి సైబీరియాలోని యాకూత్స్క్ వరకు మొత్తానికి ఒకే రంగు పూసేశారు. ఆ రంగు కింద డజన్ల కొద్దీ టర్కిక్ భాషలున్నాయి, మంగోలియన్ భాషలున్నాయి. వాటిల్లో టీకి ఉన్న మాటలన్నీ చూడ్డానికి ఒకటే. కాస్త చెవి పెట్టి వింటే మాత్రం ఆ చిన్న చిన్న తేడాల్లో టీ ఎప్పుడొచ్చింది, ఎవరి చేతి మీదుగా వచ్చింది అనే చరిత్ర కొంత దొరుకుతుంది.

ముందు వరసగా మాటలు చూద్దాం. తెలుగు లిపిలో ఇవి దాదాపు ఉచ్చారణలే అనుకోండి. టర్కిష్, అజర్‌బైజానీ, ఉయ్‌ఘుర్, కిర్గిజ్ భాషల్లో చాయ్. ఉజ్బెక్‌లో చోయ్. కజక్‌లో, తువా భాషలో షాయ్. తతార్‌లో చ్యాయ్, దాని పక్కనే ఉన్న బష్కిర్‌లో స్యాయ్. వోల్గా ఒడ్డున చువాష్‌లో చెయ్, ఎక్కడో ఉత్తరాన లేనా నది దగ్గర సఖా భాషలోనూ చెయ్. మంగోలియన్ వైపు వస్తే, మంగోలియా దేశభాష ఖల్ఖాలో త్సాయ్, బైకాల్ సరస్సు చుట్టుపక్కల బుర్యాత్‌లో సాయ్, వోల్గా దగ్గర కల్మిక్‌లో త్స్యా.

చ, ష, స, త్స. ఎవరి నాలుక ఎలా తిరిగితే అలా పలికారు అనిపిస్తుంది కదా. అలా కాదని తెలియడానికి టీ కాకుండా ఇంకో రెండు మాటలు చాలు: ‘మూడు’, ‘అయిదు’.

టర్కిష్‌లో మూడు అంటే ఉచ్, అయిదు అంటే బెష్. ఇవి టర్కిక్ భాషల సొంత మాటలు, ఎక్కడా అప్పు తెచ్చుకున్నవి కావు. కజక్‌లో అవే ఉష్, బెస్. అంటే పాత చ ఉన్నచోట కజక్‌లో ష వచ్చింది, పాత ష ఉన్నచోట స వచ్చింది. ఒక్క మాటలో కాదు, భాషంతటా. టీ కూడా ఆ లెక్క ప్రకారమే నడిచింది. ఉచ్ ఎలా ఉష్ అయిందో, చాయ్ అలాగే షాయ్ అయింది.

ప్రోగ్రామర్లకి ఇది వెంటనే అర్థమయ్యే విషయం. రెండు ఫైండ్-అండ్-రీప్లేస్ రూల్స్ ఉన్నాయి: ష ఉంటే స చెయ్యి, చ ఉంటే ష చెయ్యి. ఈ వరసలో రన్ చేస్తేనే కజక్ వస్తుంది. వరస తిరగేసి, ముందు చ ని ష చేసి, ఆ తర్వాత ష లన్నింటినీ స చేస్తే, మూడు ‘ఉస్’ అయ్యేది, టీ ‘సాయ్’ అయ్యేది. కజక్‌లో అలా జరగలేదు. ష తన చోటు ఖాళీ చేసి స లోకి వెళ్ళింది, ఖాళీ అయిన ఆ చోట్లోకి చ జరిగింది. ఊళ్ళో ఒక కుటుంబం పెద్దింటికి మారితే, వాళ్ళ పాత ఇంట్లోకి పక్కింటివాళ్ళు మారినట్టు.

ఇప్పుడు ఇంకో రెండు భాషలు. వోల్గా, ఉరల్ ప్రాంతపు బష్కిర్‌లో మూడు అంటే ఒస్. తతార్‌వాళ్ళు ఒచ్ అంటారు. అంటే బష్కిర్‌లో చ ఏకంగా స అయింది. మరి పాత స ఏమైంది? హ అయింది. తతార్‌లో, టర్కిష్‌లో నీళ్ళని ‘సు’ అంటే, బష్కిర్‌లో ‘హువ్’ అంటారు. టీ ఇక్కడ స్యాయ్.

అక్కడి నుంచి కొన్ని వేల కిలోమీటర్లు తూర్పుకి, బైకాల్ దగ్గరికి వెళ్ళండి. బుర్యాత్ టర్కిక్ భాష కాదు, మంగోలియన్ భాష. ఈ రెండు కుటుంబాలూ ఒకే తల్లి పిల్లలని ఇంతవరకు ఎవరూ అందరూ ఒప్పుకునేలా నిరూపించలేదు. పొరుగు సంబంధం మాత్రం గట్టిది. అయినా బుర్యాత్‌లో సరిగ్గా అవే రెండు రూల్స్. మంచు అనే మాటకు పాత మంగోలియన్‌లో ‘చసున్’ అనేవాళ్ళు. బుర్యాత్‌లో అది ‘సహన్’. ఒకే మాటలో రెండు మార్పులూ కనిపిస్తున్నాయి: మొదటి చ వెళ్ళి స అయింది, మధ్యలోని స వెళ్ళి హ అయింది. ఇక్కడా వరస ముఖ్యం. తిరగేస్తే మంచు ‘హహన్’ అయ్యేది, టీ ‘హాయ్’ అయ్యేది. అలా కాకుండా బుర్యాత్ టీ ‘సాయ్’ అయింది. తెలుపు అనే మాట ‘చగాన్’ కూడా ఇదే దారిలో ‘సగాన్’ అయింది. తెలుపుకి, మంచుకి ఏ శాస్తి జరిగిందో టీకీ అదే జరిగింది.

ఖల్ఖా మంగోలియన్ కథ తెలుగువాళ్ళకి ఇంకా దగ్గరిది. అక్కడ చ అన్నిచోట్లా మారలేదు. పక్కన ఇకారం ఉంటే చ అలాగే ఉంది: ‘చి’ అంటే నువ్వు, ‘చిఖ్’ అంటే చెవి. వేరే అచ్చులు ఉంటే త్స అయింది: తెలుపు ‘త్సగాన్’, మంచు ‘త్సస్’, టీ ‘త్సాయ్’. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? చిలక, చెవి, చేప అనేటప్పుడు మన చ ఒకటి. చాప, చుక్క, చోటు అనేటప్పుడు మన చ ఇంకొకటి. మన వ్యాకరణాలు మొదటిదాన్ని తాలవ్యం అన్నాయి, రెండోదాన్ని దంత్యం అన్నాయి. ఇకార ఎకారాల పక్కన తాలవ్యం, మిగతాచోట్ల దంత్యం. ఆ దంత్య చకారానికి ప్రత్యేకంగా ఒక అక్షరం కూడా ఉంది, ౘ. 2008లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. మామూలు రాతలో మాత్రం మనం రెండింటికీ ఒక్క చ తోనే సరిపెట్టుకుంటాం. మంగోలియన్ నిలువు లిపి కూడా అంతే. రెండు ఉచ్చారణలకీ ఒకటే అక్షరం, చదివేవాడికి తెలుస్తుందనే ధీమా. 1940లలో మంగోలియా సిరిలిక్ లిపికి మారినప్పుడు ఆ ఒక్క అక్షరం రెండుగా విడిపోయింది.

మంగోలియన్‌కి, తెలుగుకి చుట్టరికం ఏమీ లేదు. మనుషుల నోళ్ళు ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకే రకం మార్పు వేర్వేరు చోట్ల జరుగుతుంది, అంతే. కానీ ఈ పోలిక ఒక విషయం బయటపెడుతుంది. తెలుగులో ‘చాలు’ అన్నప్పుడు దంత్య చ పలుకుతాం. ‘చాయ్’ అన్నప్పుడు? తాలవ్యమే. ‘ౘాయ్’ అని ఎవరూ అనరు. అచ్చులు చూస్తే రెండూ ఒకటే, చ తర్వాత ఆ. రూల్ ప్రకారం రెండూ ఒకలాగే ఉండాలి. లేవు, ఎందుకంటే చాయ్ ఉర్దూ నుంచి వచ్చింది, ఆ మార్పు జరిగిపోయాక వచ్చింది. తాను బయటి నుంచి వచ్చానని తన మొదటి అక్షరంతోనే చెప్పేస్తోంది. మంగోలియన్ త్సాయ్‌లో అలాంటి గుర్తేమీ లేదు. చైనా నుంచి వచ్చిన మాటని మంచుతో, తెలుపుతో కలిపి పక్కన పెడితే, సొంతదేదో అరువుదేదో చెప్పలేం.

టర్కిక్ వైపు మన చాయ్‌లా పట్టుబడే మాటలున్నాయి. సఖా భాష చూడండి. అక్కడ మూడు అంటే ఉస్. అంటే చ అక్కడా స అయింది. పాత స అయితే మొత్తానికే రాలిపోయింది. ‘సు’ కాస్తా ఉత్త ‘ఊ’ అయింది. ఆ లెక్కన టీ ‘సెయ్’ లాంటిదేదో కావాలి. కానీ వాళ్ళనేది చెయ్. చువాష్‌లోనూ అంతే. సొంత మాటల్లో చ ఎప్పుడో మెత్తబడి శ అయింది, మూడుని ‘విశ్శె’ అంటారు. టీ మాత్రం చెయ్. ఈ రెండు చోట్లా టీ వచ్చేసరికి ధ్వనుల మార్పు అయిపోయి, తలుపులు మూసేశారు.

సఖావాళ్ళ విషయంలో తేదీలు కూడా దీనికి తోడొస్తాయి. రష్యన్లు లేనా నది మీద యాకూత్స్క్ కోట కట్టింది 1632లో. రష్యా రాజు మిఖాయిల్‌కి టీ మొదటిసారి అందిందని చెప్పే ప్రసిద్ధ సందర్భం 1638లో. పశ్చిమ మంగోలియా పాలకుడు, రష్యన్లు అల్తిన్ ఖాన్ అని పిలిచేవాడు, రాయబారి వసీలీ స్తార్కోవ్ చేతికి 200 పొట్లాల టీ ఇచ్చి పంపాడు. ఈ ఎండుటాకులు మాకెందుకు, వీటికి బదులు సేబుల్ తోళ్ళు ఇవ్వండి అని స్తార్కోవ్ గొణిగాడు. ఖాన్ వినలేదు, స్తార్కోవ్ మోసుకెళ్ళక తప్పలేదు. అంటే సఖా నేల మీదకి రష్యన్ వచ్చే నాటికి రష్యన్‌కే టీ అలవాటు లేదు. సఖా చెయ్ ఆ తర్వాత రష్యన్ వర్తకుడి సంచిలో వచ్చిన మాట. చ రూపం చెబుతున్నదీ, చరిత్ర చెబుతున్నదీ ఒకటే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రూల్‌ని పాటించిన ప్రతి మాటా పాతదని గ్యారంటీ లేదు. బష్కిర్లు, తతార్లు తరతరాలుగా పక్కపక్కన బతికారు. తతార్ ‘ఒచ్’ తమ ‘ఒస్’ అని ప్రతి బష్కిర్‌కీ తెలుసు. తతార్ నోట కొత్త మాట విన్నా, చ ని స చేసి పలకడం వాళ్ళకి అలవాటుగా వచ్చేస్తుంది. అందుకని స్యాయ్ రూపం వల్ల బష్కిర్లు టీ తాగడం ఎప్పుడు మొదలుపెట్టారో తేల్చలేం. పాటించని మాటలే గట్టి సాక్ష్యం. ఇక టర్కిష్‌లాగా చ ఎన్నడూ మారని భాషలో మాట రూపం అసలేమీ చెప్పదు. అక్కడ చరిత్రనే అడగాలి. చరిత్ర చెప్పేది కాస్త ఆశ్చర్యంగా ఉంటుంది. ఇప్పుడు గంటకో గ్లాసు చాయ్ తాగే టర్కీ శతాబ్దాల పాటు కాఫీ దేశం. ఒట్టోమన్ సామ్రాజ్యం పోయి, కాఫీ పండే యెమెన్ చేజారాక, 1924లో రిజె ప్రాంతంలో టీ సాగు కోసం చట్టం చేశారు. అక్కడి తొలి టీ ఫ్యాక్టరీ 1947లో వచ్చింది.

మరి ఆ చివరి ‘య్’ సంగతేంటి? చైనీస్‌లో మాట ‘చా’ మాత్రమే. జపనీస్, కొరియన్ అలాగే తీసుకున్నాయి. టిబెటన్ ‘జా’ అంది. టర్కిక్, మంగోలియన్, పర్షియన్, రష్యన్ భాషల్లో మాత్రం చివర యకారం ఉంది. దీనికి రెండు వివరణలున్నాయి. మొదటిది: చైనీస్‌లో టీ ఆకుని ‘చాయె’ అంటారు, ‘యె’ అంటే ఆకు. సంతలో అమ్ముడయ్యేది పానీయం కాదు, ఆకు. కాబట్టి వర్తకుల చెవిన పడింది ఆ పూర్తి మాటే. రెండోది: పర్షియన్‌లో ఆకారంతో ముగిసే మాటలకి య్ చేరడం మామూలు. కాలుని ‘పా’ అనీ అంటారు, ‘పాయ్’ అనీ అంటారు. మన హైదరాబాద్ పాయాలో ఉన్నది ఆ కాలే. అలాగే చా కాస్తా చాయ్ అయింది, అక్కడి నుంచి చుట్టూ పాకింది.

మొదటి వివరణకి ఒక షరతు ఉంది. తంగ్ వంశం కాలంలో ఆకు అనే మాట చివర ప కారం ఉండేది, ‘యెప్’ లాగా. ఉత్తర చైనా భాషలో అలాంటి చివరి హల్లులు మంగోలుల పాలన నాటికి, అంటే 14వ శతాబ్దానికి, రాలిపోయాయి. కాబట్టి మాట ‘చాయె’ నుంచే వచ్చిందనుకుంటే, అది బాగా పాత అప్పు కాకూడదు. 1559లో వెనిస్‌లో అచ్చయిన రముసియో యాత్రల సంపుటిలో, హాజీ మహమ్మద్ అనే పర్షియన్ వర్తకుడు చైనావాళ్ళు తాగే ఆకు గురించి చెప్తాడు. రముసియో దాన్ని ‘చాయ్ కతాయ్’ అని రాసుకున్నాడు. అప్పటికి య్ వచ్చి కూర్చుంది.

రెండు వివరణల్లో ఏదో ఒకటే నెగ్గాలా? మన తేయాకు మాట చూడండి. తే ప్లస్ ఆకు. మధ్యలో య్ రెండు అచ్చుల్ని అతకడానికి వచ్చిన యడాగమం. ఆకూ ఉంది, య్ కూడా ఉంది, రెండిటికీ కారణాలు వేరు. చా పక్కన ఆకు చేరిన రూపం తూర్పు నుంచి వస్తే, అలాంటి య్ అప్పటికే అలవాటున్న పర్షియన్ దాన్ని పశ్చిమాన సులువుగా అందుకుని ఉండొచ్చు. నాకు ఇదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

సరుకు కథ మాట కథ కన్నా పాతది. 8వ శతాబ్దంలో మంగోలియా గడ్డిభూముల్ని ఏలిన ఉయ్‌ఘుర్లు తంగ్ రాజధానికి గుర్రాలు తోలుకొచ్చి టీ తీసుకెళ్ళారని ఆ కాలపు చైనా రాతల్లో ఉంది. 1074లో సుంగ్ ప్రభుత్వం టీకి గుర్రాల మారకం కోసం ఒక ప్రత్యేక శాఖనే పెట్టింది. చైనాలో మంచి యుద్ధపు గుర్రాలు పెరగవు; గడ్డిభూముల్లో టీ పండదు. అయినా టీ స్టెప్పీ అంతటికీ ఒక్కసారిగా పాకలేదు. 1254లో కారకోరంలో మోంగ్కె ఖాన్ దర్బారు చూసిన రుబ్రుక్ విలియం, అక్కడ వెండిచెట్టు నుంచి కారే నాలుగు పానీయాలు లెక్కపెట్టాడు: ద్రాక్షసారా, పులిసిన గుర్రపు పాలు, తేనెతో చేసిన సారా, బియ్యపు సారా. టీ లేదు. 1330లో యువాన్ దర్బారు కోసం హు సిహుయి రాసిన ఆహార గ్రంథంలో మాత్రం వెన్న వేసి కాచే టిబెటన్ టీ కూడా ఉంది.

మింగ్ కాలానికి టీ ఒక ఆయుధం. దొంగతనంగా సరిహద్దు దాటించినందుకు 1397లో చక్రవర్తి తన సొంత అల్లుడు ఔయాంగ్ లున్‌కే మరణశిక్ష వేయించాడు. 1577లో మంగోల్ నాయకుడు అల్తాన్ ఖాన్ తమకీ టీ సంత తెరవమని అడిగితే అధికారులు అడ్డుపడ్డారు. టిబెటన్లకి టీ ప్రాణం, ఆ టీ మంగోలుల చేతిలో పడితే టిబెటన్లు వాళ్ళ మాటే వింటారని వాళ్ళ భయం. ఆ మరుసటేడే అల్తాన్ ఖాన్ టిబెట్ గురువు సోనమ్ గ్యాత్సోని కలిసి దలైలామా అనే బిరుదు ఇచ్చాడు. తర్వాతి శతాబ్దాల్లో ఇటుకల్లా నొక్కిన టీ మంగోలియాలో, సైబీరియాలో డబ్బుకి బదులుగా చెలామణీ అయింది. ఇటుక విరిచి, పొడి చేసి, పాలు, ఉప్పు వేసి కాస్తే అది ‘సూతై త్సాయ్’, పాలతో టీ. పొద్దుటి ఫలహారాన్ని మంగోలియన్‌లో ‘పొద్దుటి టీ’ అనే అంటారు. అధికారిక విందుకి వాళ్ళ మాట ‘త్సాయ్‌ల్లగ’ కూడా అదే టీ నుంచి పుట్టింది.

మన పేపర్లలో గవర్నరు ఇచ్చే ‘తేనీటి విందు’ గుర్తొస్తోంది కదా. తేనీరు తెలుగు వేషం చక్కగా వేసుకున్న మాట. నీరు మనది, సంధి మనది, తేనె కూడా కాస్త తగులుతుంది. కానీ అది ఆహ్వానపత్రికల్లోనే ఉండిపోయింది. బండి దగ్గర నిలబడి తేనీరు అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. చాయ్ మన చకారపు రూల్‌ని కూడా పాటించకుండా నోళ్ళలో బతికేస్తోంది.

ఏ మాట మనది, ఏది కాదు అనే గొడవ వచ్చినప్పుడల్లా పుట్టుక తవ్వుతాం. టర్కీలో 1930లలో భాష శుద్ధి పేరుతో వేల కొద్దీ అరబిక్, పర్షియన్ మాటల్ని తీసేశారు. చాయ్ జోలికి పోలేదు. టీ కాచుకునే గిన్నెని ‘చాయ్‌దాన్‌లిక్’ అంటారక్కడ. ‘దాన్’ అనే పర్షియన్ ప్రత్యయం మీద అదే పని చేసే ‘లిక్’ అనే టర్కిష్ ప్రత్యయం ఇంకోటి ఎక్కింది. ఎవరూ పట్టించుకోరు. సఖావాళ్ళ చెయ్ ఆలస్యంగా వచ్చినట్టు దాని చ చెప్పేస్తుంది. అంతమాత్రాన లేనా ఒడ్డు చలిలో ఆ మాట పరాయిది అయిపోదు. ధ్వని చెప్పేది మాట ఏ రోజు గడప దాటి లోపలికొచ్చిందో మాత్రమే. ఇంట్లో దాని హోదా ఏంటో రోజూ దాన్ని పలికేవాళ్ళే చెప్పాలి.